గడ్డం బ్రష్షు కొనబోతున్నారా?

మొన్న ఒక కొట్లో నిలబడి ఉన్నాను. పక్కన ఒక పెద్దమనిషి గడ్డం బ్రష్షులు బేరం చేస్తున్నాడు. కొట్టువాడు అరడజను బ్రష్షులు తీసి అద్దాల బల్ల మీద వరసగా నిలబెట్టాడు. ఆయన ఒక్కొక్కటే తీయడం, పొడి కుచ్చును అరచేతిలో గుండ్రంగా తిప్పడం, ఆ తరువాత చెంపకు రాసుకుని కళ్ళు మూసుకోవడం! చివరికి అన్నిటికంటె మెత్తగా, పిల్లికూన వీపులా ఉన్నదాన్ని ఏరి, డబ్బిచ్చి వెళ్ళిపోయాడు. "అయ్యా, పొరపాటు చేస్తున్నారు" అందామని నోటిదాకా వచ్చింది. కాని ముక్కూ మొహమూ తెలియనివాణ్ణి నడిబజారులో ఆపి గడ్డం గురించి హితబోధ మొదలుపెడితే ఏమనుకుంటాడు? ఊరుకున్నాను. ఆయనకు చెప్పలేకపోయిన మాటలే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

గడ్డం బ్రష్షును పొడిగా పట్టి చూసి కొనడం కొబ్బరికాయను ఆడించి చూడకుండా, పీచు రంగు చూసి కొనడం వంటిది. తడిస్తే అది వేరే వస్తువు. నెల రోజులు వాడితే ఇంకో వస్తువు. ఈ సంగతి తెలియక నేను ముప్ఫై ఏళ్ళలో ఏడు బ్రష్షులు మార్చాను. అందులో ఒకటి నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసింది. ఆ కథ ముందు ముందు వస్తుంది.

మా చిన్నతనంలో గుడివాడ దగ్గర మా పల్లెటూళ్ళో ఎవరూ తమ గడ్డం తాము గీసుకునేవారు కాదు. వారానికి రెండుసార్లు క్షురకుడు ఇంటికి వచ్చేవాడు. మంగళ శుక్రవారాలు కూడదు గనుక ఆదివారమూ, బుధవారమూ. నాన్న వీధి అరుగు మీద పీట వేసుకుని కూర్చునేవాడు. పొది విప్పితే అందులో కత్తి, కత్తెర, గోరుగల్లు, చేతి అద్దం, చిన్న ఇత్తడి గిన్నె. పొదిలో బ్రష్షు లేనేలేదు. చన్నీళ్ళు చెంపలకు పట్టించి, వేళ్ళతో నలిపి నలిపి, మళ్ళీ నీళ్ళు పట్టించి, ఈలోగా ఎవరి గేదె ఈనిందో, ఎవరి పెళ్ళి తప్పిపోయిందో పావుగంటసేపు లోకాభిరామాయణం చెప్పి, అప్పుడు గాని కత్తి తీసేవాడు కాదు. ఆ కబుర్లు ఊసుపోకకు కాదనీ, నీళ్ళు వెంట్రుకలోకి ఇంకడానికి ఇచ్చిన వ్యవధి అనీ నాకు చాలా ఏళ్ళకు గాని బోధపడలేదు.

గడ్డపు వెంట్రుక కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారయింది. మన గోళ్ళూ అదే. తలంటు పోసుకుని వచ్చాక గోళ్ళు ఎంత సులువుగా తెగుతాయో అందరికీ తెలుసు. వెంట్రుక కథా అంతే. వెచ్చని నీళ్ళు తగిలి రెండు మూడు నిమిషాలు అయితే అది నీరు పీల్చి, ఉబ్బి, మెత్తబడుతుంది. కత్తికి పని సగం తగ్గుతుంది. మెత్తబడని వెంట్రుకను బ్లేడు కోయదు, లాగుతుంది. ఆ లాగుడే తరువాత మంటా, పొక్కులూను.

అల్లా నీళ్ళను చెంప మీద నిలబెట్టడానికి పుట్టిందే బ్రష్షు. చేత్తో పోసిన నీరు గడ్డం మీంచి జారిపోతుంది. నురుగులో చిక్కిన నీరు జారదు. బ్రష్షు తన కుచ్చులో నీళ్ళు దాచుకుని కొద్ది కొద్దిగా వదులుతూ, సబ్బులోకి గాలిని కొడుతూ, పడుకున్న వెంట్రుకలను లేపి నిలబెడుతుంది. కింద చర్మం మీది జిడ్డును కూడా వదలగొడుతుంది. ఇదంతా చెయ్యాలంటే కుచ్చుకు రెండు గుణాలు కావాలి. ఒకటి, నీటిని పట్టే గుణం. రెండు, వంచితే తిరిగి నిలబడే బిగువు. మెత్తదనం మూడోది. మనవాళ్ళు కొట్లో చూసేది ఆ మూడోదాన్నే.

1962లో నాన్నకు బెజవాడ హైస్కూలుకు బదిలీ అయింది. అక్కడ ఇంటికొచ్చి గీసేవారు ఎవరు? ఒక సేఫ్టీ రేజరు, గుండ్రటి గోద్రెజ్ సబ్బు బిళ్ళ, పసుపు రంగు కర్రపిడి ఉన్న ఒక బ్రష్షు కొన్నాడు. వారం రోజులు అంతా సుఖంగానే జరిగింది. ఎనిమిదో రోజున ఎవరో పుణ్యాత్ముడు బామ్మతో ఆ కుచ్చు పంది వెంట్రుక అని చెప్పాడు. ఇంక చూడండి! బ్రష్షు వంటింటి గోడ పక్కనుంచి నూతిపళ్ళెం దగ్గరికి దేశబహిష్కారం అయింది. "స్నానం చేసే కదమ్మా లోపలికి వస్తున్నాను" అని నాన్న బతిమాలితే, "నీ మొహానికి ఆ దిక్కుమాలిన పంది తప్ప మరొకటి దొరకలేదురా!" అంది బామ్మ. చివరికి పెరటి కిటికీ బయట ఒక మేకు కొట్టి, అక్కడ తగిలించుకోవడానికి రాజీ కుదిరింది. ఎండా గాలీ తగిలే చోటు. బామ్మ చేసిన ఆ ఏర్పాటే బ్రష్షుకు మేలయింది. తడి ఆరక కుళ్ళిపోవడమే బ్రష్షుకు మొదటి చావు.

పంది వెంట్రుకను గురించి ఇంకా చెప్పాలి గాని, ముందు దొరల బ్రష్షు సంగతి చూద్దాం. అక్కడే డబ్బూ, మోసమూ, ప్రాణాపాయమూ అన్నీ ఉన్నాయి.

బ్యాడ్జరు అనే జంతువు ఐరోపాలోనూ, చైనాలోనూ ఉంటుంది. నేలలో బొరియలు తవ్వుకుని రాత్రిపూట తిరుగుతుంది. పొట్టి కాళ్ళు, బలిసిన ఒళ్ళు, మొహాన నల్లని, తెల్లని చారలు. దీని వెంట్రుక మొదలు తెలుపు, నడుమ నలుపు, కొస మళ్ళీ తెలుపు. కొస సన్నగా సాగి ఉంటుంది గనుక మెత్తగా తగులుతుంది. కుచ్చు కడితే వెంట్రుకల సందుల్లో నీళ్ళు బాగా నిలుస్తాయి. ఫ్రెంచివాళ్ళకు ఆ జంతువుకూ గడ్డం బ్రష్షుకూ ఒకటే పేరు, "బ్లేరో" అంటారు. ఒక జంతువు పేరే వస్తువుకు పేరు అయిందంటే ఆ వస్తువుకు అది ఎంత ప్రశస్తమో చూడండి. ఇంగ్లండులో 1777లో పెట్టిన కెంట్ కంపెనీ నేటికీ బ్రష్షులు చేస్తూనే ఉంది.

బ్యాడ్జరు బ్రష్షుల్లో తరగతులున్నాయి. "ప్యూర్" అంటే నాసి. నల్లగా, కాస్త గీరుకుంటూ ఉంటుంది. "బెస్ట్" అంటే మధ్యరకం. పేరు చూసి అదే అన్నిటికంటె గొప్పదనుకునేరు! దానిమీద "సూపర్", ఆపైన కొసలు వెండిలా మెరిసే "సిల్వర్‌టిప్". అయితే ఈ పేర్లకు కొలబద్ద ఏదీ లేదు. ఏ కంపెనీ తూకం దానిదే. ఒకరి "సూపర్" మరొకరి "బెస్ట్"కు తీసికట్టు కావచ్చు. పెట్టె మీది పేరు చూసి డబ్బు పోసేవాళ్ళకు ఇది తెలిసి ఉండాలి.

ఇంత విలువైన సరుకు అయ్యేసరికి దొంగ సరుకూ పుట్టింది. పంది వెంట్రుకనో, గుర్రపు వెంట్రుకనో తెల్లబరచి నడుమ నల్లచార అద్దితే చూపుకు అచ్చం బ్యాడ్జరే. ఈ వేషం వల్ల మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మనుషులు చచ్చిపోయారంటే మీరు నమ్మరు.

జరిగింది ఇదీ. 1914లో యుద్ధం వచ్చింది. తూర్పు దేశాల వెంట్రుక అంతకుముందు చాలామట్టుకు జర్మనీ మీదుగా శుద్ధి అయి వచ్చేది. ఆ దారి మూతపడింది. మరోపక్క బ్రష్షులకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. లక్షలాది సిపాయిలు రోజూ నున్నగా గడ్డం గీసుకోవాలి. విషవాయువు రాకుండా తొడుక్కునే ముసుగు మొహానికి అతుక్కోవాలంటే గడ్డం అడ్డు. అమెరికా సైన్యం సిపాయిలకు సేఫ్టీ రేజర్లు పంచిపెట్టింది. మరి బ్రష్షులో? చైనా, సైబీరియాల గుర్రపు వెంట్రుకతో చౌకగా కట్టి, బ్యాడ్జరులా కనపడేటట్టు తయారుచేసిన బ్రష్షులు ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ అమ్మకానికి వచ్చాయి. వాటిలో కొన్నిటిని సరిగా శుద్ధి చెయ్యలేదు. ఆ వెంట్రుకల్లో ఆంత్రాక్సు క్రిమి బీజాలు దాగి ఉన్నాయి.

ఆంత్రాక్సు అంటే పశువులకు వచ్చే దొమ్మరోగం. మన ఏజెన్సీ ప్రాంతాల్లో అది అప్పుడప్పుడూ ఇప్పటికీ తలెత్తుతూనే ఉంది. ఆ క్రిమి బీజం మొండిది. ఎండకూ వానకూ చావదు, ఏళ్ళ తరబడి నిద్రపోయి, ఒంటిలోకి దారి దొరకగానే లేస్తుంది. గడ్డం గీసుకునేటప్పుడు పడే చిన్న గాటుకంటె మంచి దారి ఏముంది? కొత్త బ్రష్షు కొన్న కొన్నాళ్ళకే చెంప మీదనో, మెడ మీదనో పొక్కు లేచేది. దురద. తరువాత పొక్కు నడుమ బొగ్గులా నల్లబడేది. ఆంత్రాక్సు అనే పేరే గ్రీకుభాషలో బొగ్గు అనే మాట నుంచి వచ్చింది. మెడంతా వాచి, విషం నెత్తురులో కలిస్తే మనిషి దక్కేవాడు కాదు. పెనిసిలిన్ ఇంకా కనిపెట్టని రోజులు. వైద్యులు మొదట ఇదేమిటో తెల్చుకోలేకపోయారు. సామాన్యంగా ఆంత్రాక్సు తోళ్ళూ, ఉన్నీ పట్టేవాళ్ళకు వస్తుంది. గుమాస్తాకూ, సిపాయికీ ఎందుకొచ్చింది? మచ్చ మొహం మీదే ఎందుకు? అల్లా వెతుక్కుంటూ వెళితే అందరి ఇళ్ళలోనూ ఒక కొత్త బ్రష్షు కనిపించింది. పరీక్ష చేస్తే ఆ వెంట్రుకల్లోనే క్రిమి దొరికింది.

కొత్త బ్రష్షును వాడేముందు ఫార్మలిన్ కలిపిన వెచ్చని నీళ్ళలో గంటల తరబడి నానబెట్టమని అమెరికాలో ప్రజలకు చెప్పారు. ఇంగ్లండు ప్రభుత్వం 1919లో ఆంత్రాక్సు నివారణకు చట్టం చేసి, 1920లో జపాను నుంచి గడ్డం బ్రష్షుల దిగుమతిని నిషేధించింది. ఆ తరువాత శుద్ధి పద్ధతులు గట్టిపడి ఆ భయం పోయింది. ఈ రోజున పేరున్న కంపెనీ బ్రష్షు కొని భయపడనక్కర్లేదు. కాని ఆ సిపాయిల్లో ఎందరో తాము కొన్నది బ్యాడ్జరు అనే అనుకుని ఉంటారు పాపం.

ఇప్పుడు నా భాగోతం వినండి. 1981లో బ్యాంకు ఉద్యోగరీత్యా నన్ను పిడుగురాళ్ళ వేశారు. అప్పటిదాకా కృష్ణ కాలవ నీళ్ళలో పెరిగినవాణ్ణి. నాన్న కొనిపెట్టిన పంది వెంట్రుక బ్రష్షుతో గిన్నెలో నాలుగు తిప్పులు తిప్పితే వెన్నలా నురుగు లేచేది. పిడుగురాళ్ళలో మొదటిరోజు తిప్పాను, తిప్పాను, చెయ్యి నొప్పెట్టింది. నురుగు లేదు. విరిగిన పాలలా గిన్నె అంచున ఏదో తెల్లని తెట్టు. చెంపకు పూస్తే పూసినంతసేపు ఉండి ఆరిపోయింది. బ్లేడు గరగరలాడింది. వారం తిరిగేసరికి మెడంతా ఎర్రని పొక్కులు. నేను తీర్పు చెప్పేశాను: దోషం బ్రష్షుది! పంది వెంట్రుకకు ఇంతకంటె ఏం చేతనవుతుంది? చారలున్న బ్యాడ్జరు బ్రష్షు ఒకటి మద్రాసులో ఒక కొట్లో చూసి, ఒక నెల ఇంటద్దెకు సరిపోయే డబ్బు పోసి కొన్నాను.

కొన్న నాలుగోరోజున బ్యాంకులో అడుగుపెట్టగానే క్యాషియరు నన్ను ఎగాదిగా చూసి, "ఏమండీ, మొహం మీద ఆ బూడిద ఏమిటి? శివరాత్రి ఇంకా రాలేదే" అన్నాడు. నలుగురూ నవ్వారు. బాత్‌రూముకు వెళ్ళి అద్దంలో చూసుకుంటే చెవుల కింద నల్లని చారికలు. ఇంటికి వచ్చి ఆ బ్రష్షును వేడినీళ్ళలో ముంచాను. నీళ్ళు సిరాబుడ్డి కడిగినట్టు అయినాయి. చారలు కరిగిపోయి మిగిలింది తెల్లబడ్డ పంది వెంట్రుక. నేను ఇంటిదాన్ని కాదని వీధి వేషాన్ని నెత్తిన పెట్టుకున్నానన్నమాట.

ఆ ఊళ్ళో రసాయనశాస్త్రం చెప్పే లెక్చరరు ఒకాయన మా పక్కింట్లో ఉండేవాడు. నా మెడ చూసి అసలు సంగతి ఆయన చెప్పాడు. పల్నాడంతా సున్నపురాయి నేల. పిడుగురాళ్ళ సున్నం ఊరూరా వెళుతుంది. ఆ నేలలోంచి వచ్చే బోరునీళ్ళలో కాల్షియం కరిగి ఉంటుంది. సబ్బు ఆ కాల్షియంతో కలిసి నీళ్ళలో కరగని తెట్టుగా మారిపోతుంది. నురుగు కావలసిన సబ్బు కాస్తా ఆ తెట్టుకే ఖర్చు అవుతుంది. "నీళ్ళు మరగబెట్టి, చల్లార్చి, అడుగున తెల్లని మడ్డి పేరుకున్న తరువాత పైనీళ్ళు తీసుకోండి. లేదా వాన కురిసినప్పుడు ఒక బిందె పట్టి ఉంచుకోండి" అన్నాడు. మర్నాడు నాన్న ఇచ్చిన పాత బ్రష్షునే మరగబెట్టి తేర్చిన నీళ్ళలో తిప్పాను. వెన్న! ఆ రోజునుంచి నేను ఎవరైనా బ్రష్షును తిడుతుంటే ముందు "మీ ఊళ్ళో నీళ్ళెల్లాంటివి?" అని అడుగుతాను. గోదావరి కాలవల మీద బతికేవాళ్ళకు ఏ బ్రష్షయినా ఒకటే.

ఇక పంది వెంట్రుక. దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళు చాలామంది. నిజానికి దీనికి ఒకప్పుడు ప్రపంచ వాణిజ్యంలో పెద్ద పేరు. చైనాలో చుంగ్‌కింగ్, మనదేశంలో కాన్పూరు ఈ సరుకుకు పేరుపడ్డ చోట్లు. ఇటలీలో ఈనాటికీ మంగలి షాపుల్లో ఎక్కువగా కనిపించేది పంది వెంట్రుక బ్రష్షే.

దీనికీ బ్యాడ్జరుకూ భేదం ఇది: బ్యాడ్జరు కుచ్చు వెంట్రుకల సందుల్లో నీళ్ళు నిలుపుతుంది, పంది వెంట్రుక తానే నీళ్ళు తాగుతుంది. అంచేత పొడిగా ఉన్నప్పుడు చీపురులా ఉన్నది ఐదు నిమిషాలు నానేసరికి వంగుతుంది. స్నానానికి వెళుతూ వెచ్చని నీళ్ళ గ్లాసులో పడేసి, వచ్చి వాడుకోవాలి. మరుగునీళ్ళు మాత్రం పనికిరావు. వెంట్రుకా చెడుతుంది, కుచ్చును పిడికి అంటించిన జిగురూ వదులుతుంది. ఇంకో విశేషం. వాడగా వాడగా పంది వెంట్రుక కొస రెండుగా, మూడుగా చీలుతుంది. ఆ చీలిన కొసలన్నీ కలిసి మెత్తని మొహం ఏర్పడుతుంది. కాని కింద కాండం మాత్రం బిగువుగానే ఉంటుంది. దీనికి నెలో, నెలన్నరో పడుతుంది. కొత్త చెప్పుల లాగా మొదట కరుస్తుంది, తరువాత మన కాలికి కుదురుతుంది. మొదటి వారంలో కాస్త వాసన కూడా వేస్తుంది. నాలుగైదుసార్లు సబ్బునురుగు పట్టించి రాత్రంతా ఉంచి కడిగితే పోతుంది. ఈ నెల రోజుల ఓపిక లేకనే చాలామంది దీన్ని పారేస్తారు.

ఒక్క జాగ్రత్త. చౌకబారు బ్రష్షుల్లో కుచ్చు గుండ్రంగా కనిపించడానికి పైనుంచి కత్తెరతో కత్తిరిస్తారు. కొస పోయిన వెంట్రుక ఎన్నేళ్ళు వాడినా గుచ్చుకుంటూనే ఉంటుంది. మంచి పనివాడు కొసలు తాకకుండా, వెంట్రుకలను అచ్చులో అమర్చి గుండ్రదనం తెస్తాడు. కొట్లో భూతద్దం అడగలేం గాని, కొసల రంగు మొదలుకంటె లేతగా, సన్నగా ఉంటే సరే.

గుర్రపు వెంట్రుక ఈ రెండిటికీ నడుమది. జూలూ, తోకా కలిపి కడతారు. దీనికోసం జంతువును చంపనక్కర్లేదు. నాతో పనిచేసిన ఒక ముస్లిం మిత్రుడు పంది వెంట్రుక ముట్టడు గనుక ఎక్కడో వెతికించి ఇది తెప్పించుకున్నాడు. త్వరగా నానుతుంది, త్వరగా ఆరుతుంది. ఆయన ఇరవై ఏళ్ళు దాంతోనే గడిపాడు.

చంపడం మాట వచ్చింది గనుక బ్యాడ్జరు సంగతి దాచకుండా చెప్పాలి. బ్రిటనులో ఆ జంతువుకు 1973 నుంచీ చట్టరక్షణ ఉంది. ఇప్పుడు లోకంలో అమ్మే బ్యాడ్జరు వెంట్రుకలో అధికభాగం చైనాది. అక్కడ వాటిని ఇనుప బోనుల్లో పెంచే తీరును 2018లో పెటా ఆసియా సంస్థ బయటపెట్టాక, కొన్ని కంపెనీలు ఆ వెంట్రుకను మానుకున్నాయి. నా దగ్గర ఒక అసలైన బ్యాడ్జరు బ్రష్షు ఉంది. లండనులో ఉండే మా బావమరిది 1990లో తెచ్చాడు. బంగారంలాంటి బ్రష్షు. మళ్ళీ మాత్రం కొనను.

కొనకపోయినా ఇప్పుడు లోటు లేదు. మా మేనల్లుడు హైదరాబాదులో ఇంజనీరు. కిందటి సంక్రాంతికి వచ్చి, నన్ను చూసి, "మామయ్యా, ఇంకా ఆ చీపురుకట్టతోనే గీసుకుంటున్నావా?" అని తన బ్రష్షు చూపించాడు. కృత్రిమ పోగు. మా రోజుల్లో నైలాన్ బ్రష్షులు వచ్చినై గాని అవి నీళ్ళు పట్టేవి కావు, పళ్ళు తోముకునే బ్రష్షు మొహాన రుద్దుకున్నట్టుండేది. ఇవి అల్లాంటివి కావు. పాలియెస్టరు జాతి పోగును కొస సన్నగా వచ్చేటట్టు చేశారు. నానబెట్టనక్కర్లేదు, వాసన లేదు, గంటలో ఆరుతుంది, శాకాహారం! బామ్మ ఉంటే వంటింట్లో ఉంచనిచ్చేది. వాడి చూశాను. నిజం చెప్పాలంటే కొత్తగా మొదలుపెట్టేవాడికీ, ప్రయాణాలు చేసేవాడికీ దీనికంటె మంచిది లేదు. కాస్త ఎక్కువ తిప్పితే స్ప్రింగులా విదిలించి అద్దం నిండా నురుగు చల్లుతుంది, అదొక్కటే దీని తెగులు. "చూశావా!" అన్నాడు వాడు. "చూశాన్రా" అన్నాను. మర్నాడు మళ్ళీ నా చీపురుకట్టే తీశాను. వాడికి కారణం చెప్పలేదు.

కారణం ఇది. 1994లో నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు, మొహంలో కుడివైపు పడిపోయినాయి. మాట ముద్దగా వచ్చేది. జీవితమంతా రోజూ పొద్దున్న గడ్డం గీసుకుని బడికి వెళ్ళిన మనిషి. మూడు రోజుల మాసిన గడ్డంతో మంచంలో ఉంటే ఎవరైనా చూడడానికి వస్తారంటేనే గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను సెలవు పెట్టి వచ్చి, రోజు విడిచి రోజు గీయడం మొదలుపెట్టాను. పెద్దవాడు, పలచబడ్డ చర్మం, అంచేత నా దగ్గరున్న అన్నిటికంటె మెత్తని బ్రష్షు, లండను బ్యాడ్జరు తీశాను. అంతకంటె ప్రేమ ఎల్లా చూపించాలో నాకు తెలియలేదు.

మొదటిసారి ఊరుకున్నాడు. రెండోసారీ ఊరుకున్నాడు. మూడోసారి ఎడమచేత్తో నా చెయ్యి తోసేశాడు. కోపం వచ్చిందనుకున్నాను. నీళ్ళు చల్లగా ఉన్నాయా అన్నాను. కాదని తల ఊపి, పెరటి కిటికీవైపు చెయ్యి చూపించాడు. బయట మేకుకు ఆయన బ్రష్షు వేలాడుతోంది. పసుపు పిడి, పంది వెంట్రుక. నాన్న జన్మలో వాడినవి నాలుగే నాలుగు బ్రష్షులు, నాలుగూ అదే రకం, ఒకటి అరిగితే మరొకటి. తెచ్చి, నానబెట్టి, నురుగు పట్టించాను. ఎడమ చెంప అయింది. కుడి చెంప మీద తిప్పుతుంటే కళ్ళు మూసుకుని, కాసేపటికి ఒక్కో అక్షరమే కూడబలుక్కుని, "ఈ పక్క... తెలుస్తోందిరా" అన్నాడు.

మొద్దుబారిన చెంపకు ఆ మెత్తని బ్రష్షు తగిలిందో లేదో కూడా తెలియలేదు. బిగువైన వెంట్రుక తగిలితే ఏదో కాస్త తెలిసింది. అంతే. ఆ తరువాత పదకొండు నెలలు బతికాడు. గీసినప్పుడల్లా కుడివైపు రెండు నిమిషాలు ఎక్కువ తిప్పించుకునేవాడు. నేనూ మా ఊరి క్షురకుడి లాగా ఏవో కబుర్లు చెబుతూ తిప్పేవాణ్ణి.

ఇంతకీ కొట్లో చూసిన ఆ పెద్దమనిషి సంగతి మరిచాను. ఒకవేళ ఈ పత్రిక ఆయన ఇంటికి వెళ్ళే పక్షంలో ఆయనకు నా మనవి: ఆ బ్రష్షును పారెయ్యకండి. మరీ మెత్తని కుచ్చు గట్టి సబ్బు బిళ్ళ మీద వంగిపోతుంది, సబ్బు ఎక్కదు. దానికి క్రీము వాడండి, చిక్కుడుగింజంత చాలు. కుచ్చును ముంచి, గట్టిగా విదిలించి, నీళ్ళు తక్కువగా మొదలుపెట్టి చుక్క చుక్క కలుపుకోండి. వాడాక సబ్బంతా పోయేదాకా కడిగి, తువ్వాలుకు రాసి, గాలి తగిలేచోట ఉంచండి. అలమారులో మాత్రం పెట్టకండి. మరోటి కొనదలిస్తే కుచ్చు అడుగున ఇరవై రెండు మిల్లీమీటర్ల లావు ఉన్నదైతే సామాన్యమైన మొహానికి సరిపోతుంది. పిడి తడిచేతిలో జారనిదై ఉండాలి. ఈసారి వెళ్ళినప్పుడు కొట్టువాణ్ణి ఒక గ్లాసు నీళ్ళు అడగండి. తడిపి చూడనిస్తే కొనండి. చారలున్న బ్రష్షయితే, ఆ నీళ్ళు ఏ రంగు తిరుగుతాయో కూడా ఒక కంట కనిపెట్టండి.